తెర మీది పల్లెటూరు

పట్నంలో పెద్ద చదువు చదివి, సూటూ బూటూ విప్పేసి, పంచె ఎగగట్టి పొలంలోకి దిగే కథానాయకుడంటే మన తెలుగువాళ్లకు మహా ముచ్చట. కాలువ గట్టు, కొబ్బరిచెట్లు, అరుగు మీద బామ్మగారు, గాదెల నిండా ధాన్యం. హాల్లో కూర్చున్నంతసేపూ ఈ పట్నవాసం ఎందుకొచ్చిన గొడవ అనిపిస్తుంది. బయటికొచ్చి ఆటోవాడితో బేరం మొదలెట్టేసరికి అదంతా మరిచిపోతామనుకోండి!

తెర మీది పల్లె మొదటినుంచీ ఇంత తియ్యగా లేదు. కృష్ణా జిల్లా నందమూరులో పుట్టిన గూడవల్లి రామబ్రహ్మంగారు 1939లో ‘రైతుబిడ్డ’ తీశారు. అందులో పల్లె అంటే శిస్తులు, అప్పులు, జమీందారీ జులుం. విచిత్రమేమిటంటే, ఆ సినిమా తీసిన సారథి సంస్థకు దన్నుగా నిలిచింది సాక్షాత్తూ చల్లపల్లి రాజావారే! 1955లో తాపీ చాణక్య తీసిన ‘రోజులు మారాయి’లోనూ రైతుల పోరాటమే కథ. వహీదా రెహమాన్ ఆడిన ఏరువాక పాట అందరికీ గుర్తుంది గాని, ఆ పాట చుట్టూ ఉన్న భూమి తగాదా ఎందరికి గుర్తుంది?

మరి తీపి ఎక్కడ కలిసింది? 1855 నాటికి విజయవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. కాలువలు పారాయి, డెల్టా మాగాణి అయింది. వడ్లమ్మిన డబ్బు పిల్లల చదువులకూ, కొంత మద్రాసు సినిమాలకూ వెళ్లింది. డబ్బు వెంట మనుషులూ వెళ్లారు. నిమ్మకూరు నుంచి రామారావుగారు, గుడివాడ దగ్గర రామాపురం నుంచి నాగేశ్వరరావుగారు, తెనాలి దగ్గర బుర్రిపాలెం నుంచి కృష్ణగారు. సినిమాలు పంచే కంపెనీల ఆఫీసులు విజయవాడ గాంధీనగరంలో వెలిశాయి. ఊరు విడిచినవాళ్లే ఊరి గురించి సినిమాలు తీశారు, ఊరు విడిచినవాళ్లే టిక్కెట్లు కొని చూశారు. కాపురానికి వచ్చి ఇరవయ్యేళ్లయ్యాక పుట్టింటి పెరట్లో జామచెట్టు ఎంత గొప్పగా కనిపిస్తుందో మనకు తెలియదూ!

1973లో వచ్చిన ‘పల్లెటూరి బావ’ చూడండి. తమిళ ‘పట్టికాడా పట్టణమా’కు తెలుగు రూపం, దాని మూలం వెతికితే షేక్‌స్పియర్ గయ్యాళి నాటకం దాకా పోతుంది. పల్లెటూరి మొగుడు నాగేశ్వరరావుగారు, పట్నం పెళ్లాం లక్ష్మిగారు. ఆవిడ పొగరు దిగితే కథ సుఖాంతం. పల్లె గొప్పదని చెప్పడానికి ప్రతిసారీ ఆడపిల్ల తలే వంచాలా అని నాకు చిరాకేస్తుంది. మగవాడు పల్లెకు తిరిగొస్తే త్యాగమట, ఆడది వస్తే బుద్ధి రావడమట! ఇంతకీ ఆ గంపెడు సంసారానికి చెరువు నుంచి బిందెలు మోసిందెవరు, పొగలో పొయ్యి ఊదిందెవరు, ఊడ్పుల్లో రోజంతా నడుం వంచిందెవరు? కెమెరా అటు తిరగదు. తిరిగినా పాట అయ్యేదాకానే.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. పదివేలమందికి పైగా పోయారు. సినిమాల్లో చూసి మురిసిపోయినలాంటి వరిచేలూ కొబ్బరిచెట్లే అవి. తెర మీద రైతులుగా మెప్పించిన రామారావుగారూ నాగేశ్వరరావుగారూ అప్పుడు జోలెపట్టి వీధుల్లో విరాళాలు అడిగారు. అంతటి గాలివాన తర్వాత కూడా తెర మీది కాలువ గట్టు పచ్చగానే ఉండిపోయింది.

వంటింటిని కథలోకి తెచ్చిన పల్లె సినిమా 2012లో వచ్చింది. శ్రీరమణగారి కథతో తనికెళ్ల భరణిగారు తీసిన ‘మిథునం’. తెర మీద ఇద్దరే మనుషులు, బాలసుబ్రహ్మణ్యంగారూ లక్ష్మిగారూ. అవును, ఆ పట్నం పెళ్లాం లక్ష్మిగారే! ఈసారి ఆవిడ తల వంచే పని లేకపోయింది, మొగుడికి వండిపెడుతూనే మాటకు మాట అంటించింది.

2015లో ‘శ్రీమంతుడు’ వచ్చింది. కోటీశ్వరుడి కొడుకు తండ్రి పుట్టిన ఊరిని దత్తత తీసుకుంటాడు. మహేశ్‌బాబు నిజంగానే తండ్రిగారి ఊరు బుర్రిపాలెాన్ని దత్తత తీసుకున్నారు, సంతోషం. సినిమాలో ఆ కుర్రాడికి ఊరు గుర్తుచేసింది మాత్రం గ్రామాభివృద్ధి చదువుతున్న ఆడపిల్ల. ఊరు బాగుపడే వేళకు ఆ పిల్ల చదువు సంగతి ఎవరూ ఎత్తరు.