పోలియో: ఇండియాలో అంతమైనా చుక్కలు ఎందుకు ఆగలేదు?

పోలియో వైరస్ నోటి ద్వారా ఒంట్లోకి పోతుంది. కలుషితమైన నీరు, కడగని చేతులే దానికి దారి. పేగుల్లో పెరిగి, మలంతో బయటికొస్తుంది. సోకినవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. సుమారు 200 మందిలో ఒకరికి కాళ్లు చచ్చుబడతాయి. దానికి మందు లేదు. అంటే ఒక్క బిడ్డ కాలు పడిపోయిందంటే, అప్పటికే వైరస్ ఎంతోమందిలో తిరుగుతోందన్నమాట.

నిర్మూలన ఎంతవరకు వచ్చింది?

1988లో ప్రపంచవ్యాప్తంగా పోలియో నిర్మూలన మొదలైంది. అప్పట్లో ఏటా మూడున్నర లక్షల కేసులు వచ్చేవి. వైరస్ మూడు రకాల్లో రెండోది 2015లో, మూడోది 2019లో అంతమైనట్టు ప్రకటించారు. మొదటి రకం పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో మిగిలింది. ఇండియాలో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో రహిత గుర్తింపు వచ్చింది.

చుక్కల వల్ల కొత్త చిక్కు

చుక్కల్లో ఉండేది బలహీనపరిచిన సజీవ వైరస్. టీకా వేసుకోని పిల్లలు ఎక్కువగా ఉన్నచోట అది ఒకరి నుంచి ఒకరికి పాకుతూ, మారుతూ, మళ్లీ బలం పుంజుకోవచ్చు. అందుకే 2016 ఏప్రిల్‌లో ప్రపంచమంతా చుక్కల నుంచి రెండో రకాన్ని తీసేసింది. రెండు నెలలు తిరక్కుండానే హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటిలో అదే రకం బయటపడింది. ఏ బిడ్డకూ జబ్బు రాలేదు. అయినా సర్కారు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు ఇంజెక్షన్ టీకా వేయించాలని పూనుకుంది.

గాజాకు అలాంటి అదృష్టం దక్కలేదు. యుద్ధంలో టీకాలు ఆగి, మురుగు రోడ్లపై పారింది. 10 నెలల పసివాడి కాలు పోలియోతోనే పడిపోయిందని 2024 ఆగస్టులో నిర్ధారణ అయింది. అక్కడ 25 ఏళ్ల తర్వాత వచ్చిన మొదటి కేసు అది. సెప్టెంబరులో దాడులకు కొన్ని గంటల విరామమిచ్చి, లక్షల మంది పిల్లలకు చుక్కలు వేశారు. వాడింది కొత్త రకం టీకా. ఇందులోని వైరస్ అంత సులువుగా మారదు. ఈ టీకాను హైదరాబాద్‌కు చెందిన బయోలాజికల్ ఇ కూడా తయారుచేస్తోంది.

నమ్మకమే అసలు మందు

2011లో అమెరికా గూఢచార సంస్థ సీఐఏ అబోటాబాద్‌లో టీకాల ముసుగులో సమాచారం సేకరించే ప్రయత్నం చేసింది. దాంతో పాకిస్తాన్‌లో పోలియో కార్యకర్తలపై అనుమానం మరింత పెరిగింది. టీకా కార్యక్రమాలను ఇకపై అలా వాడబోమని అమెరికా 2014లో ప్రకటించింది. ఉత్తరప్రదేశ్‌లోనూ చుక్కలు వేస్తే పిల్లలు పుట్టరనే పుకారు ఒకప్పుడు ముస్లిం ఇళ్ల తలుపులు మూయించింది. ఉలమాలు ముందుకొచ్చి, మస్జిదుల నుంచి ఎలాన్ చేయించాకే ఆ తలుపులు తెరుచుకున్నాయి.

ఇంట్లో చేయాల్సింది

పుట్టగానే, ఆ తర్వాత 6, 10, 14 వారాలకు చుక్కలు వేయించాలి. 6, 14 వారాలకు, 9 నెలలకు ఇంజెక్షన్. 16 నుంచి 24 నెలల మధ్య మరోసారి చుక్కలు. సర్కారు దవాఖానాల్లో అన్నీ ఉచితం. కార్డులో అన్నీ పూర్తయినా సరే, పల్స్ పోలియో ఆదివారం ఐదేళ్లలోపు పిల్లలకు చుక్కలు మళ్లీ వేయించాలి.