జేమ్సు నదీతీరమున మన సీమచరిత్ర

"అమెరికాకు చరిత్ర యేమున్నది, నిన్నమొన్నటి దేశము గదా" అని మడకశిరలోని పెద్దలు అప్పుడప్పుడు అనుచుందురు. పెనుకొండ కోటను, హేమావతిలోని నొళంబుల శిల్పములను చూచుచు పెరిగినవారికి నాలుగువందల యేండ్ల కథ స్వల్పముగ తోచుట సహజమే. అయినను, వర్జీనియాలో కాపురమేర్పడిన పిదప, బడిసెలవులలో పిల్లలను వెంటగొని జేమ్స్‌టౌను, విలియమ్స్‌బర్గు, యార్క్‌టౌను అను మూడు వలసకాలపు స్థలములను చూచుచు వచ్చిన నాకు, ఈ నేల తలవ్రాతను మార్చినవారును మన దత్తమండలముల తలవ్రాతను మార్చినవారును వేరువేరు జనులు కారని తెలిసివచ్చినది.

ఈ స్థలములయందు పిల్లలు చరిత్రను చేతులార ముట్టి, పనిచేసి తెలిసికొందురు. జేమ్స్‌టౌను రేవున తేలుచున్న మూడు ఓడలు, 1607లో లండను వర్తకుల వర్జీనియా కంపెనీ పంపిన 104 మంది పురుషులను, బాలురను దింపిన ఓడలకు ప్రతిరూపములు. ఒడ్డున, ఆ నేలకు అసలు హక్కుదారులైన పౌహటాను జనుల పల్లె నమూనా కలదు. అచట మా అమ్మాయి చిప్ప అంచుతో జింకతోలును గీకుచు, ఎంత గీకినను రాని వెండ్రుకలను చూచి, ఒక్క తోలు మెత్తబడుటకు ఎన్ని దినములు పట్టునని అడిగినది. ఆ వర్జీనియా కంపెనీకి కోశాధిపతియై కార్యభారమును వహించిన సర్ థామస్ స్మైత్ అనువాడే ఈస్టిండియా కంపెనీకి తొలి గవర్నరు. జేమ్స్‌టౌనులో కోట లేచిన నాలుగేండ్లకే, 1611లో, ఆ రెండవ కంపెనీవారు మన మచిలీపట్నమున దిగిరి. 1635 నాటి వర్జీనియా భూమిపత్రములలో, సముద్రము దాటించి తెచ్చినవారి లెక్కన యజమానికి నేల సంపాదించి పెట్టిన పనివారి నడుమ, "టోనీ" అను పేర ఒక ఈస్టిండియనుడు కనిపించుచున్నాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఓడలోనే పోగొట్టుకొన్న ఆ మనవానిని తలచుకొన్నప్పుడెల్ల నా మనస్సు కలుక్కుమనును.

1699 మొదలు 1780 వరకు వర్జీనియాకు రాజధానిగ నుండిన విలియమ్స్‌బర్గును, 1926 మొదలుకొని, గుడ్విను అను మతాచార్యుని ప్రేరణచే, కోటీశ్వరుడైన రాక్‌ఫెల్లరు జూనియరు పునరుద్ధరింపజేసెను. అచటి ఇటుకలబట్టీలో పిల్లలు చెప్పులు విడిచి అడుసు త్రొక్కుదురు. పనివాడు ఆ మట్టిముద్దను ఇసుక చల్లిన కొయ్య అచ్చులో విసరి వేసి, పైకి పొంగినదానిని బద్దతో కోసివేసి, ఇటుకను నేలపై బోర్లించును. మన చెరువుక్రింద ఇటుకలు కోయువారి పనియు అచ్చముగ నిట్టిదే. అయితే పావుగంటలో కాళ్లు కడుగుకొని పోవు పిల్లలకు ఇది ఆట. ఆనాడు సూర్యోదయము మొదలు సూర్యాస్తమయము వరకు త్రొక్కినవారిలో ననేకులు బానిసలు. అమెరికా విప్లవము నాటికి ఆ పట్టణజనములో సగమునకు పైగా నల్లవారే. ఆ మాట చెప్పక అడుసు త్రొక్కించుట పిల్లలకు అబద్ధము నేర్పుటయే యని నా నమ్మకము. చిరకాలము ఆ విషయమున మౌనము వహించిన ఆ పట్టణము, 1979 మొదలుకొని నల్లజాతి నటులచే ఆ జీవితములను చెప్పించుచున్నది.

యార్క్‌టౌనులో, 1781 అక్టోబరు 19వ తేదీన, వలసవారి స్వాతంత్ర్యయుద్ధమున, ఆంగ్ల సేనాని కార్న్‌వాలిసు సైన్యము లొంగిపోయినది; ఆయన మాత్రము అస్వస్థతను సాకుగ జూపి, ఖడ్గమును క్రింది అధికారిచేత పంపెను. అయిదేండ్లలో ఆయనయే గవర్నరు జనరలుగ హిందూదేశమునకు వచ్చి, 1791లో మనకు పొరుగూరే యనదగిన బెంగుళూరు కోటను పట్టి, మరుసటి యేట టిప్పు రాజ్యములో సగమును వదలించెను. ఆ యుద్ధమున పనిచేసిన థామస్ మన్రోయే, 1800లో నైజాము మన సీమను కంపెనీకి ధారపోసిన పిదప, తొలి ప్రిన్సిపలు కలెక్టరై వచ్చి రైతువారీ పన్ను నిర్ణయించెను. యార్క్‌టౌను మట్టిదిబ్బలపై నిలిచి ఈ కథ చెప్పగా, మా అబ్బాయి, "ఇక్కడ ఓడిపోయినాయన అక్కడెట్ల గెలిచినాడు నాన్నా?" అనెను. ఇచట వలసవారికి ఫ్రెంచి నౌకాబలము తోడైనదనియు, అచట నైజామును పీష్వాయును టిప్పునకు తోడుపడక కంపెనీతో చేరిరనియు చెప్పితిని.

ఇట్టి ప్రశ్నలు మన పిల్లలకును పుట్టవలెనని నా కోరిక. ధర్మవరమున గుంతమగ్గములో కూర్చుండి నాడె విసరనిచ్చినను, పెనుకొండలో సున్నము నూరి గచ్చు పూయు విధమును ఒక్కపూట చేయించినను చాలును. మడకశిర ఉపాధ్యాయులు పూనుకొనినచో, బస్సు బాడుగయు భోజనపు ఖర్చును పంపుటకు ఇచటి మన ప్రాంతమువారము కొందరము సిద్ధముగ నున్నాము.