ఒమాన్ కొండల్లో సున్నపు తేట

ఒమాన్ ఉత్తర భాగాన హజర్ పర్వతాల్లో కొన్ని వింత ఊటలున్నాయి. లేత నీలిరంగులో మెరిసే ఆ మడుగుల అడుగున తెల్లని సున్నం పేరుకొని ఉంటుంది. నీరు కదలనిచోట పైన పలుచని తెట్టె కడుతుంది. ప్రతి నీటిచుక్కా విలువైన ఆ దేశంలో ఈ నీరు మాత్రం తాగడానికి పనికిరాదు. దాని పీహెచ్ 11 దాటుతుంది. తటస్థమైన నీటి పీహెచ్ 7. ఆ కొలమానంలో మెట్టుమెట్టుకూ పదింతల తేడా కనుక, ఈ ఊటల్లో హైడ్రాక్సైడ్ అయాన్లు తటస్థమైన నీటిలోకన్నా పదివేల రెట్లకు పైగా ఉంటాయి. వాటికి తోడుగా ఉన్నది ప్రధానంగా కాల్షియం. అంటే తెలుగిళ్లకు తెలిసిన సున్నపు తేటే ఇది. కానీ ఆ కొండల్లో సున్నపు బట్టీ లేదు.

క్షారానికీ నిప్పుకూ ఉన్న సంబంధం భాషలోనే నిలిచి ఉంది. 'ఆల్కలీ' అన్నది అరబ్బీ 'అల్-ఖలీ' నుంచి వచ్చిన మాట; ఉప్పునేలల్లో పెరిగే మొక్కలను కాల్చగా మిగిలిన బూడిదకు అది పేరు. సబ్బుకూ గాజుకూ ఆ బూడిదే ఆధారమైంది. తెలుగునేల చాకిరేవుల్లో వాడిన చౌడు మట్టి కాల్చకుండానే దొరికేది. అయితే అది సోడా జాతి క్షారం. సున్నం కావాలంటే మాత్రం రాయినో గుల్లనో కాల్చవలసిందే. అందుకే సున్నపు ఘాటు నిప్పు నుంచే వస్తుందని ఐరోపా పండితులు చాలాకాలం నమ్మారు.

ఆ నమ్మకాన్ని తలకిందులు చేసినవాడు స్కాట్లండ్ రసాయనవేత్త జోసెఫ్ బ్లాక్. 1756లో ప్రచురించిన ప్రయోగాల్లో, కాల్చినప్పుడు సున్నపురాయిలోకి ఏదీ చేరదనీ, దానిలో బందీగా ఉన్న ఒక గాలి బయటికి పోతుందనీ ఆయన తూచి చూపాడు. ఆ గాలి తిరిగి చేరితే సున్నం మళ్లీ రాయి అవుతుంది. దానినే ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్ అంటున్నాం. గోడకు వేసిన వెల్ల గట్టిపడేదీ, సున్నపు తేటలోకి ఊపిరి ఊదితే అది పాలలా తెల్లబడేదీ ఇందువల్లనే. కాబట్టి సున్నపు ఘాటుకు నిప్పు అనివార్యం కాదు; కార్బన్ డయాక్సైడ్‌ను దూరంగా ఉంచగలిగితే చాలు.

ఒమాన్‌లో ఆ పని చేస్తున్నది పెరిడొటైట్ అనే రాయి. సుమారు తొమ్మిదిన్నర కోట్ల ఏళ్లనాటి సముద్రగర్భపు పొర, దాని కిందనున్న మాంటిల్ భాగంతో సహా, నేలమీదికి నెట్టుకొచ్చి అక్కడ కొండలైంది. సమాయిల్ ఓఫియోలైట్‌గా అది ప్రసిద్ధం. వాన నీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కరిగించుకొని ఆ రాతి పగుళ్లలోకి దిగుతుంది. అక్కడ ఆలివీన్ వంటి ఖనిజాలు దాని ఆమ్లగుణాన్ని హరిస్తాయి. కార్బన్ కార్బనేట్ ఖనిజంగా రాతిలోనే నిలిచిపోతుంది. మెగ్నీషియం కూడా చాలావరకు కొత్త ఖనిజాల్లో స్థిరపడుతుంది. బయటి గాలి తగలని లోతుల్లో చివరికి నీటిలో కాల్షియం, హైడ్రాక్సైడ్ మిగులుతాయి. ఆ నీరు ఊటగా పైకి రాగానే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. మడుగులో సున్నపు తెట్టె కట్టేది అప్పుడే.

ఇవాన్ బార్న్స్, జేమ్స్ ఓనీల్ 1969లో పశ్చిమ అమెరికాలోని ఇటువంటి ఊటలను వివరించారు. 1978 నాటి వారి మరొక వ్యాసంలో న్యూ కలెడోనియా, యుగోస్లావియాలతోపాటు ఒమాన్ చేరింది. రాయి రూపాంతరం గతించిన కథ కాదనీ, నేటికీ సాగుతున్నదనీ దాని సారాంశం. 1983లో కొలిన్ నీల్, గోర్డన్ స్టాంగర్ ఒమాన్ ఊటల నుంచి వెలువడే హైడ్రోజన్ వాయువును గురించి రాశారు. రాతిలోని ఇనుము నీటి నుంచి ఆక్సిజన్‌ను లాక్కోగా మిగిలిన వాయువు అది.

ఆ రాతిలోని తెల్లని కార్బనేట్ చారలు మూడు కోట్ల ఏళ్లకు పైబడినవని అప్పటికి అభిప్రాయం. 2008లో పీటర్ కెలెమెన్, యుర్గ్ మాటర్ కార్బన్-14 పద్ధతిలో లెక్కించగా వాటి సగటు వయసు దాదాపు 26,000 ఏళ్లని తేలింది. ఒమాన్ కొండలు ఏటా 10,000 నుంచి 1,00,000 టన్నుల వరకు కార్బన్ డయాక్సైడ్‌ను రాయిగా మారుస్తున్నాయని వారి అంచనా.

భూగర్భ ఇంధనాల వల్ల మానవజాతి ఏటా గాలిలోకి వదులుతున్నది సుమారు 3,700 కోట్ల టన్నులు. అందులో ఈ కొండల వంతు మూడు లక్షల్లో ఒకటి కూడా కాదు. రాతికి కొరత లేదు, కొరత వేగానిది. ఆ వేగాన్ని పెంచే ప్రయత్నంలో ఒమాన్‌లో ఏర్పడిన ఒక సంస్థ కార్బన్ డయాక్సైడ్ అణుభారాన్నే, 44.01ని, పేరుగా పెట్టుకుంది. 2022లో ఎర్త్‌షాట్ బహుమతి పొందింది. బట్టీలో రాయి నుంచి గాలిని వెళ్లగొట్టి మనిషి సున్నం చేసుకున్నాడు. ఇప్పుడు ఆ గాలిని తిరిగి రాతిలోకి పంపడం నేర్చుకుంటున్నాడు. దానిని లోపలికి మోసుకెళ్లవలసింది నీరే. నీరు అరుదైన దేశంలో ఆ ఖర్చును కూడా లెక్కలో చేర్చుకోక తప్పదు.