ఆ రాత్రి ఎక్కడ తల దాచుకోవాలి?

వ్యభిచార గృహం నుంచి ఒక అమ్మాయి బయటపడింది. పోలీసులు రెయిడ్ చేసి తెచ్చారో, తనే కన్నుగప్పి పరుగెత్తిందో, మొత్తానికి బయటపడింది. ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుంది? పుట్టింటికి పోదామంటే, అమ్మినవాడు ఒక్కోసారి ఆ ఇంటివాడే. లాడ్జిలో దిగడానికి చేతిలో పైసా ఉండదు. బ్రోకరు వెతుక్కుంటూ వస్తాడు. తెల్లారేలోగా ఏదో ఒక తలుపు తెరుచుకోకపోతే ఆమె తిరిగి చేరేది పాత చోటికే.

ఈరోజు మనం రెస్క్యూ హోమ్ అంటున్నది ఈ ప్రశ్నకు జవాబుగా పుట్టింది. అది సర్కారు ఆఫీసుల్లో పుట్టిన ఆలోచన కాదు. క్రీస్తును నమ్మిన కొందరు ఆడవాళ్లు తమ ఇంటి గదుల్లోనే దాన్ని మొదలుపెట్టారు.

అంతకుముందు ఇలాంటివారికి ఆశ్రయమే లేదని కాదు. లండన్‌లో మాగ్డలిన్ హాస్పిటల్ 1758లోనే తెరుచుకుంది. కాకపోతే అక్కడ చేరాలంటే పాపినని ఒప్పుకోవాలి. బట్టలుతుకుతూ, ప్రార్థనలు చేస్తూ, నాలుగు గోడల మధ్య పశ్చాత్తాపపడుతూ గడపాలి. ఆమెను అక్కడిదాకా తెచ్చినవాళ్లు ఎవరు, డబ్బిచ్చి కొన్నవాళ్లు ఎవరు అని అడిగేవారు లేరు. తప్పంతా ఆమెదే.

ఆ లెక్కను తిరగరాసిన మనిషి జోసఫిన్ బట్లర్. 1828లో ఇంగ్లండు ఉత్తర కొసన నార్తంబర్లండ్‌లో పుట్టింది. తండ్రి జాన్ గ్రే బానిసత్వం మీద పోరాడినవాడు. మనిషిని మనిషి కొనడం ఎంత ఘోరమో ఆ ఇంట్లో పిల్లలు వింటూ పెరిగారు. భర్త జార్జి బట్లర్ ఆంగ్లికన్ మతగురువు, ఉపాధ్యాయుడు. 1864లో వాళ్ల ఒక్కగానొక్క కూతురు ఈవా, ఐదేళ్ల పిల్ల, తల్లిదండ్రులు ఇంటికొచ్చిన చప్పుడు విని మేడ మీంచి ఉరుకుతూ కిందపడి చనిపోయింది. రెండేళ్లకు భర్త ఉద్యోగం కోసం కుటుంబం లివర్‌పూల్ చేరింది. తన దుఃఖాన్ని మించిన దుఃఖం ఎక్కడుందో వెతుక్కుంటూ జోసఫిన్ ఆ ఊరి బ్రౌన్‌లో హిల్ వర్క్‌హౌస్‌కు వెళ్లింది. అది దిక్కులేనివాళ్లను పెట్టి పని చేయించే చోటు. కింద, మసక వెలుతురులో ఆడవాళ్లు వరుసగా కూర్చుని పాత ఓడతాళ్లను పీచు పీచుగా విప్పుతున్నారు. రొట్టెముక్క కోసం ఆ పని. జోసఫిన్ వాళ్ల పక్కనే నేల మీద కూర్చుని తనూ తాడు విప్పబోయింది. చేతకాలేదు. వాళ్లు నవ్వారు. ఆ నవ్వుతో మాటలు కలిశాయి.

ఆ మాటల్లో ఆమెకు అర్థమైనవి ఆకలి, కూలి చాలకపోవడం, మోసం చేసి వదిలేసిన యజమానులు. పుట్టుకతో చెడిపోయినవాళ్లు ఆమెకు కనిపించలేదు. జబ్బుతో చావుకు దగ్గరైన ఆడపిల్లలను ఒక్కొక్కరినే తన ఇంటికే తీసుకొచ్చింది. ఖాళీ గదులు, అటక కూడా నిండిపోయాయి. ఇల్లు చాలక 1867లో వేరే ఇల్లు తీసుకుని విశ్రాంతి గృహం పెట్టింది, తర్వాత పని నేర్పే మరో ఇల్లు కూడా. ఇంటి యజమానురాలు అతిథిని చూసుకున్నట్టు వాళ్లను చూసుకోవడం, పాపం ఒప్పుకోమని అడగకుండా పక్క వేయడం అప్పట్లో అరుదైన సంగతి. నా దృష్టిలో అసలైన కొత్తదనం అదే. మిగతావన్నీ దాని కొమ్మలు.

ఆ పనిలో ఉండగానే ఆమెకు ఒక చట్టం ఎదురైంది. సైనికులకు సుఖరోగాలు సోకుతున్నాయని బ్రిటిష్ పార్లమెంటు 1864, 1866, 1869ల్లో అంటురోగాల చట్టాలు చేసింది. దండు పట్టణాల్లో పోలీసులు ఎవరిని అనుమానిస్తే ఆ స్త్రీకి బలవంతంగా వైద్యపరీక్ష. కాదంటే జైలు. రోగం ఉందని తేలితే ఆస్పత్రిలో నెలల తరబడి నిర్బంధం. ఆమె దగ్గరికి వచ్చిన సైనికుడికి మాత్రం ఏ పరీక్షా లేదు. 1870 కొత్త సంవత్సరం వేళ డైలీ న్యూస్ పత్రికలో 124 మంది స్త్రీల సంతకాలతో నిరసన ప్రకటన వచ్చింది. సంతకాల్లో ఫ్లారెన్స్ నైటింగేల్ పేరుంది. పెద్దింటి ఆడవాళ్లు నోటితో అనడానికే సంకోచించే విషయం మీద జోసఫిన్ ఊరూరా తిరిగి మాట్లాడింది. కోల్చెస్టర్‌లో అల్లరిమూకలు ఆమె దిగిన హోటల్ మీద దాడి చేశాయి. 1872లో పాంటిఫ్రాక్ట్ ఉపఎన్నికప్పుడు గడ్డి అటకలో ఆడవాళ్ల సమావేశం జరుగుతుంటే కింద గడ్డికి నిప్పు పెట్టారు. అయినా ఆగలేదు. చట్టాలు 1883లో నిలిచిపోయాయి, 1886లో రద్దయ్యాయి.

ఆ చట్టాలు మన దేశానికీ వచ్చాయి. 1868లో చేసిన భారత అంటురోగాల చట్టం మద్రాసు నగరంలోనూ అమలైంది. అక్కడ రద్దయినా ఇక్కడి కంటోన్మెంట్లలో అదే పద్ధతి వేరే పేర్లతో సాగింది. పటాలానికి తగినంతమంది, చూడచక్కని స్త్రీలు ఉండాలని 1886లో సైన్యాధిపతి రాబర్ట్స్ పేరు మీద ఒక సర్క్యులరే వెళ్లింది. జోసఫిన్ ప్రోద్బలంతో ఎలిజబెత్ ఆండ్రూ, డాక్టర్ కాథరిన్ బుష్నెల్ అనే ఇద్దరు అమెరికన్ క్రైస్తవ స్త్రీలు 1891, 92ల్లో ఉత్తరాది కంటోన్మెంట్లు తిరిగి, అక్కడి స్త్రీలతోనే మాట్లాడి సాక్ష్యం సేకరించారు. మొదట అదంతా అబద్ధమన్న రాబర్ట్స్ 1893లో వాళ్లకు క్షమాపణ చెప్పవలసి వచ్చింది. మన దేశపు పేద స్త్రీల మాటను నమ్మి రాసుకున్నందుకు ఆ ఇద్దరినీ గుర్తుపెట్టుకోవాలి.

మళ్లీ లండన్‌కు వద్దాం. వైట్‌చాపెల్ అప్పట్లో దరిద్రానికి మారుపేరు. సాల్వేషన్ ఆర్మీ, మన పల్లెల్లో రక్షణ సైన్యం అంటారే, అందులో పనిచేసే ఎలిజబెత్ కాట్రిల్ అనే సామాన్య గృహిణి 1881 ప్రాంతంలో ఒక అమ్మాయిని తన ఇంటికి తీసుకెళ్లింది. ఆ తర్వాత మరొకరు, ఇంకొకరు. చివరికి ఆమె వంటిల్లు కూడా పడకగది అయిపోయింది. 1884లో హాన్బరీ వీధిలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని ఆ బాధ్యతను ఫ్లారెన్స్ బూత్‌కు అప్పగించారు. ఆమె రక్షణ సైన్యం స్థాపకుడు విలియం బూత్ కోడలు. అప్పటికి ఇరవై మూడేళ్లు నిండలేదు, చంకలో పసిబిడ్డ. అమ్మాయిలు చెప్పే కథలు విని రాత్రిళ్లు నిద్రపట్టక ఏడ్చేదట. నమ్మలేకపోయిన భర్త బ్రామ్‌వెల్ స్వయంగా విచారించి, నిజమని తెలుసుకున్నాడు.

ఒక తెల్లవారుజామున రక్షణ సైన్యం ప్రధాన కార్యాలయం తలుపు తీసేసరికి గుమ్మంలో పదిహేడేళ్ల పిల్ల కూర్చుని ఉంది. ఇంటిపని అని నమ్మి పల్లె నుంచి వచ్చి వ్యభిచార గృహంలో చిక్కుకుంది. రాత్రి గోడ గొట్టం పట్టుకుని దిగి, పాత పాటల పుస్తకం మీద అచ్చయిన చిరునామా ఆధారంగా లండన్ వీధుల గుండా నడిచి వచ్చింది. ఎవరికి తెలుసు, ఆ చిరునామా ఆ పుస్తకం మీద లేకపోతే ఏమయ్యేదో!

అప్పటి ఇంగ్లండు చట్టం ప్రకారం పదమూడేళ్లు నిండితే చాలు, ఆడపిల్ల సమ్మతి చెల్లుతుంది. దాన్ని మార్చే బిల్లు పార్లమెంటులో ఏళ్ల తరబడి మూలుగుతోంది. బ్రామ్‌వెల్, జోసఫిన్ కలిసి పాల్ మాల్ గజెట్ సంపాదకుడు డబ్ల్యు.టి. స్టెడ్‌ను కదిలించారు. ఆడపిల్లను కొనడం ఎంత తేలికో నిరూపిస్తానని స్టెడ్, ఒకప్పుడు వ్యభిచార వృత్తిలో ఉండి మారిన రెబెకా జారెట్ సాయంతో, పదమూడేళ్ల ఎలైజా ఆర్మ్‌స్ట్రాంగ్‌ను ఐదు పౌండ్లకు బేరమాడి తెచ్చాడు. పిల్లను తర్వాత ఫ్రాన్సులో భద్రంగా ఉంచారు. 1885 జులై 6న కథనం మొదలైంది. పత్రికను అమ్మబోమని పెద్ద దుకాణదారులు మొరాయిస్తే రక్షణ సైన్యం వాళ్లే వీధుల్లో అమ్మారు. సుమారు 3,93,000 సంతకాల మహజరు చుట్టను భుజాల మీద మోసుకెళ్లి పార్లమెంటుకు ఇచ్చారు. ఆగస్టు 14న సమ్మతి వయసు పదహారుకు పెరిగింది.

ఇంతవరకూ గెలుపు కథే. ఇందులో ఒక అన్యాయం కూడా ఉంది. తండ్రి అనుమతి లేకుండా పిల్లను తీసుకెళ్లారని కేసు నడిచింది. స్టెడ్‌కు మూడు నెలలు, రెబెకాకు ఆరు నెలలు శిక్ష. పథకం వేసిన ఘనుడికి తక్కువ, ఆజ్ఞ పాటించిన పేదరాలికి రెట్టింపు. పైగా, దేనికి తీసుకెళ్తున్నారో తెలియకుండా ఎలైజాను ఆ రాత్రి భయపెట్టారు, మంత్రసానితో పరీక్ష చేయించారు. బాధితురాలి కోసం చేసే పనిలో బాధితురాలినే సాధనంగా వాడటం తప్పు. ఎంత గొప్ప ఫలితం వచ్చినా తప్పే. సమ్మతి వయసు పెంచిన ఆ చట్టమే పోలీసులకు వ్యభిచార గృహాల మీద ఇచ్చిన అధికారం చాలాచోట్ల ఆడవాళ్లను వీధిపాలు చేసింది. నీతి పేరుతో జరిగే బలవంతాన్ని జోసఫిన్ చివరిదాకా వ్యతిరేకించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక భారతీయ స్త్రీ ఇంగ్లండులో ఉన్నారు. సంస్కృతంలో దిట్ట, తల్లిదండ్రులను కరవులో పోగొట్టుకున్న పండిత రమాబాయి 1883లో చదువు కోసం వాంటేజ్ మఠం సిస్టర్ల దగ్గరికి వెళ్లారు. సిస్టర్లు ఆమెను లండన్‌లో ఫుల్‌హామ్ దగ్గర తాము నడిపే రెస్క్యూ హోమ్‌కు తీసుకెళ్లారు. ఒకప్పుడు అదే హోమ్‌లో ఆశ్రయం పొందిన స్త్రీలు ఇప్పుడు రోగులకు సేవ చేస్తూ కనిపించారు. మన దగ్గర ఇలాంటివారి మీద దయ చూపమని ఎవరూ చెప్పలేదే, వీళ్లు ఎందుకు చేస్తున్నారని రమాబాయి అడిగారు. జవాబుగా సిస్టర్లు యోహాను సువార్తలో బావి దగ్గర యేసు మాట్లాడిన సమరయ స్త్రీ కథ చెప్పారు. ఆ రోజు తన మనసు మారిందని రమాబాయి తర్వాత రాసుకున్నారు.

ఆమె 1889లో బొంబాయిలో శారదా సదన్ తెరిచారు. 1896, 97 కరవులో ఆకలితో తిరుగుతున్న ఆడపిల్లలను ఏజెంట్లు ఏరుకుపోతున్నారని తెలిసి, మధ్య పరగణాలకు స్వయంగా వెళ్లి వందల మందిని పుణె దగ్గరి కేడ్‌గావ్‌కు తీసుకొచ్చారు. అలా ముక్తి మిషన్ నిలిచింది. 1899లో అక్కడే, వ్యభిచారం నుంచి బయటపడ్డ స్త్రీల కోసం కృపా సదన్ పెట్టారు. ఫుల్‌హామ్‌లో చూసినది కేడ్‌గావ్‌లో మన నేల మీద లేచింది.

అయితే 1893లో శారదా సదన్ మీద పెద్ద గొడవ జరిగింది. అమ్మాయిలను క్రైస్తవంలోకి తిప్పుతున్నారని కేసరి పత్రిక విమర్శించింది, చాలామంది తల్లిదండ్రులు పిల్లలను తీసుకుపోయారు. ఆ విమర్శను కొట్టిపారేయడానికి లేదు. ఆశ్రయానికి మతం ధర కాకూడదు. అది ఎవరు నడిపే హోమ్‌కైనా వర్తిస్తుంది. మరోవైపు, ఆ తర్వాత వచ్చిన కరవులో ఆ పిల్లల కోసం బండి కట్టుకుని వెళ్లినవారు ఎంతమంది అన్న ప్రశ్న విమర్శకులకూ ఉంది.

మన హైదరాబాదుకు వద్దాం. చార్మినార్ దగ్గర వ్యభిచార గృహాలుండే మెహబూబ్ కీ మెహందీ వాడను 1996లో ఖాళీ చేయించారు. ఆడవాళ్లు, పిల్లలు రోడ్డున పడ్డారు. సామాజిక కార్యకర్త సునీతా కృష్ణన్, క్యాథలిక్ మిషనరీ బ్రదర్ జోస్ వెట్టికాటిల్ కలిసి, ఆ తల్లుల పిల్లలు అదే ఊబిలోకి జారకుండా ఒక బడి మొదలుపెట్టారు. చేరినవాళ్లు ఐదుగురు. ప్రజ్వల సంస్థ అలా పుట్టింది. ఇది క్రైస్తవ సంస్థ కాదు, కానీ పునాదిలో ఒక మిషనరీ చెయ్యి ఉంది. పదిహేనేళ్ల వయసులో సామూహిక అత్యాచారాన్ని ఎదుర్కొన్నానని బయటికి చెప్పిన సునీత, బడి నడపడానికి నగలు, వంటపాత్రలు అమ్మారు. బ్రదర్ జోస్ 2005లో కన్నుమూశారు. ఆశ్రయంతో ఆగకుండా ప్రజ్వల అమ్మాయిలకు వెల్డింగ్, వడ్రంగం, తాపీపని, సెక్యూరిటీ గార్డు పని, టాక్సీ నడపడం నేర్పింది. ఊరగాయలు, కుట్లు అల్లికలతో బతుకు గడవదని సునీత తేల్చేశారు. వెల్డింగ్ చేతికొస్తే నెల తిరిగేసరికి జీతం చేతికొస్తుంది. బ్రోకరు మళ్లీ వచ్చినా చెప్పడానికి జవాబు ఉంటుంది.

మన అనైతిక వ్యాపార నిరోధక చట్టం 1956 నాటిది. అమ్మేవాళ్లను, గృహం నడిపేవాళ్లను శిక్షిస్తుంది, నిజమే. కానీ బహిరంగంగా విటులను పిలవడాన్ని నేరం చేసే సెక్షన్ 8 ఇంకా అందులోనే ఉంది, అది ఎక్కువగా తగిలేది ఆడవాళ్లకే. రెయిడ్‌లో దొరికిన స్త్రీని మేజిస్ట్రేటు ఏడాది నుంచి మూడేళ్లదాకా హోమ్‌లో ఉంచవచ్చు. తన ఇష్టం లేకుండా అలా నిర్బంధంలో ఉన్న మేజర్లను గుర్తించి విడిచిపెట్టడానికి రాష్ట్రాలు హోమ్‌లన్నిటినీ సర్వే చేయాలని సుప్రీంకోర్టు 2022 మేలో ఆదేశించింది. లివర్‌పూల్ ఇంట్లో తలుపు ఎందుకు తెరిచారో గుర్తున్నవారికి ఈ ఆదేశం కొత్తగా అనిపించదు. తాళం వేసిన హోమ్ మరో జైలు. బలవంతంగా అమ్ముడుపోయిన పిల్లను కాపాడటం ఒకటి, వయసొచ్చిన స్త్రీ మాట వినకుండా బంధించడం ఇంకొకటి. క్రైస్తవ సంస్థ అయినా, ప్రభుత్వమైనా ఈ తేడా మరిచిపోతే ఇంత చరిత్ర వృథా.

ఇక మన వంతు ఉంది. హోమ్ నుంచి బయటికొచ్చిన అమ్మాయికి ఇల్లు అద్దెకిచ్చేది, పనిలో పెట్టుకునేది మనమే. ఆమె ఎక్కడి నుంచి వచ్చిందని ఆరా తీయకుండా అద్దెకివ్వండి, పనిలో పెట్టుకోండి. ఊళ్లో ఏ పిల్లనైనా పట్నంలో ఉద్యోగమని, పెళ్లి సంబంధమని ఎవరో తెలియనివాడు తీసుకెళ్తున్నాడంటే ఊరుకోకండి. పిల్లలకైతే 1098, స్త్రీలకైతే 181. రెండు నంబర్లూ ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తాయి, డబ్బు అక్కర్లేదు.