హాల్‌స్టాట్: ఉప్పు ఊరు జంటల ఊరైన కథ

ఈద్ సెలవులు దగ్గరపడితే మన అల్ మన్సూరాలో జంటల కబుర్లు యూరప్ మీదికి పోతాయి. ఫోన్‌లో చూపించే ఫోటో చాలాసార్లు ఒకటే: ఆస్ట్రియాలో సరస్సు ఒడ్డున ఉన్న హాల్‌స్టాట్. ఆ ప్రశాంతత ఎక్కడిదో ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకున్నాం.

అది విహారానికి కట్టిన ఊరు కాదండి, ఉప్పు గని కార్మికుల ఊరు. క్రీస్తుకు ముందే అక్కడ ఉప్పు తవ్వారు. 1846 నుంచి రామ్‌సావర్ అనే గని అధికారి దాదాపు వెయ్యి ప్రాచీన సమాధులు బయటపెట్టాడు. మధ్య యూరప్‌లో తొలి ఇనుప యుగానికి ఈ ఊరి పేరే పెట్టారు. ఇటు కొండ, అటు నీళ్ళు. 1890 దాకా బండి రోడ్డే లేదు. 1877లో వచ్చిన రైలు కూడా అవతలి ఒడ్డునే ఆగింది. ఇప్పటికీ దిగి పడవెక్కాలి. మనం డబ్బిచ్చి వెతుక్కునే ఏకాంతం వాళ్ళకి రోజూ పడే ఇబ్బంది.

ఇప్పుడు 800 మంది కూడా లేని ఆ ఊరికి ఒక్కోరోజు 10,000 మంది దాకా వస్తున్నారు. 2023లో ఊరివాళ్ళు నిరసనకి దిగారు. వెళితే ఒక రాత్రి ఉండండి. బస్సులు వెళ్ళిపోయాక పాత ఊరు కనిపిస్తుంది.

ఇంకొకటి తప్పక చూడండి. శ్మశానంలో చోటు చాలక, కొన్నేళ్ళకి ఎముకలు తీసి, పుర్రెల మీద పేర్లు, పూలు చిత్రించి, ఒక గదిలో ఇంటివాళ్ళ పక్కనే పెట్టేవారు. భార్య ఊళ్ళో, భర్త దోహాలో ఉండే కాపురాలు మన వీధిలో ఎన్నో. అందుకేనేమో, ఆ సరస్సు కన్నా ఆ గదే నాకు ఎక్కువ గుర్తుండిపోయింది.