నియమములోని సందు

ఇంగ్లండులో 1922 మొదలు 1939 వరకు ఆస్టిన్ సెవెన్ అను చిన్న మోటారుకారు తయారైనది. పాతబడి చవుకగా దొరకు ఆ కార్లతో స్వల్పధనము గలవారు వినోదార్థము పందెములాడుకొనుటకై 750 మోటార్ క్లబ్బువారు యుద్ధానంతరమున నియమములు వ్రాసిరి. యంత్రము ఆస్టిన్‌దే కావలెను, కొంత సవరించుకొనవచ్చును.

ఆ యంత్రమునకు సిలిండర్లు నాలుగు. గాలియు పెట్రోలు ఆవిరియు లోనికి పోవుటకు రెండేసింటికి ఒక్కటే ద్వారము. ఒకే తూముక్రింద రెండు మళ్లున్నచో మొదటిది తడిసి రెండవది ఎండును గదా. ఇచటను అంతే, ఒక సిలిండరు తోడిదాని పాలు గూడ హరించును. 1951లో కాలిన్ చాప్మన్ అను యువకుడు ఆ ద్వారము నడుమ సన్నని అడ్డు పెట్టి దారిని రెండుగా చీల్చెను. యంత్రపు దిమ్మ పాతదే. నియమములలో అడ్డు మాటయే లేదు. అతని లోటస్ కారు తక్కినవానిని వెనుక విడిచిపోయెను.

పిమ్మట క్లబ్బువారు ఆ పనిని నిషేధించిరి. సరిహద్దురాయి కదల్పక పంట పెంచిన ఆ నేర్పును మోసమనుటకు నాకు నోరాడదు. అయినను నిషేధము న్యాయమనియే తోచును. అది లేనిచో, ఇంటి కొట్టములో పాతకారు విప్పుకొను సామాన్యుడు పందెము మానుకొనవలసి వచ్చెడిది.