నెత్తుటి చుక్కకు జవాబుదారీ ఎవరు?

బీజాపూర్ జిల్లాలో బాసగూడ నుంచి జగరగొండకు పోయే దారిలో తర్రెం ఉంది. 2021 ఏప్రిల్ 3న సమీపపు అడవిలో 22 మంది జవాన్లు మరణించేదాకా ఆ పేరు బస్తర్ బయట వినిపించింది తక్కువ. నెలన్నర తిరగకుండానే, మే 17న, పొరుగునున్న సిలింగేర్‌లో పోలీసు క్యాంపు వద్దన్న ఆదివాసులపై కాల్పులు జరిగాయి. తమకు కావలసింది క్యాంపు కాదు, బడీ ఆసుపత్రీ అన్నది ఆ ఆదివాసుల వాదన. తుపాకుల చరిత్రలో ఈ రెండో మాట అడుగున పడిపోయింది. కానీ ఆ అడవిలో జవానునూ కోయవాణ్ణీ తేడా చూడకుండా పట్టుకునేది ఒకటుంది: మలేరియా. దాన్ని నిర్ధారించే పరీక్షకు కూడా ఒక రాజకీయ చరిత్ర ఉంది.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని సూక్ష్మదర్శినితో చూశాడు. ఆ తరవాత నూరేళ్ళకు పైగా మలేరియా నిర్ధారణ అంటే గాజుపలకే. 1958లో మొదలైన జాతీయ మలేరియా నిర్మూలన కార్యక్రమమూ ఆ పలక మీదే నడిచింది. కార్యకర్త ఇంటికొచ్చి వేలు గుచ్చి, నెత్తురు పూసిన పలకను ప్రయోగశాలకు పంపేవాడు. అనుమానం మీద క్లోరోక్విన్ మాత్రలిచ్చి పోయేవాడు. వాగులూ అడవీ దాటి ఫలితం తిరిగొచ్చేనాటికి రోగి కోలుకోవడమో కన్నుమూయడమో జరిగిపోయేది. అయితే ఆ నత్తనడక పద్ధతిలో ఒక సుగుణముంది. పలక మిగిలేది. ఒకరు చూసినదాన్ని మరొకరు మళ్ళీ చూసి తప్పు పట్టవచ్చు. నియంత్రణ అంటే ఆ రెండో కన్నే.

2005 ప్రాంతంలో జాతీయ కార్యక్రమంలోకి ర్యాపిడ్ కిట్టు వచ్చింది. కరెంటు అక్కర్లేదు, సూక్ష్మదర్శిని అక్కర్లేదు. రోగి నులకమంచం పక్కనే కూర్చుని పదిహేను, ఇరవై నిమిషాల్లో గీత చూసి చెప్పవచ్చు. తర్రెం వంటి ఊళ్ళకు ఇది నిజంగా విప్లవమే. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవారు ఆ దారుల్లో జ్వరంతో నడిచి ఉండరు. కానీ గడువు దాటాక ఆ గీతను చదవకూడదు. పలకలా దాన్ని దాచిపెట్టి మరొకరికి చూపే వీల్లేదు. రెండో కన్ను పోయింది. కాబట్టి జాగ్రత్త అంతా పరీక్షకు ముందే జరగాలి: కిట్టు నాణ్యత, నిల్వ ఉంచిన చోటి వేడి, గుచ్చే మనిషి శిక్షణ, రాసుకునే రిజిస్టరు.

ఇక్కడే చట్టం రెండు ముక్కలై కనిపిస్తుంది. ఒక ముక్క వస్తువును పట్టుకుంటుంది. 2002లో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ కిట్లను ఔషధ చట్టం కిందికి తెచ్చినప్పుడు ఆ జాబితాలో మలేరియా లేదు. రోగనిర్ధారణ కిట్లన్నిటినీ ప్రమాద స్థాయిని బట్టి నాలుగు తరగతులు చేసిన వైద్య పరికరాల నియమావళి 2017లో వెలువడి, 2018 జనవరి 1న అమల్లోకి వచ్చింది. రెండో ముక్క భవనాన్ని పట్టుకుంటుంది. నర్సింగ్‌హోమ్ చట్టంగా జనం పిలుచుకునే ఛత్తీస్‌గఢ్ 2010 చట్టం లైసెన్సు అడిగేది ఆసుపత్రులనూ ప్రయోగశాలలనూ. రోగి చెంత చేసే పరీక్షలకంటూ 2006లో అంతర్జాతీయంగా ఐఎస్‌ఓ 22870 ప్రమాణం వచ్చింది. 2022లో అది ప్రయోగశాలల ప్రమాణం 15189లో కలిసిపోయింది. అది కూడా మంచం వెనక ఆసుపత్రినీ, ఆసుపత్రి వెనక ప్రయోగశాలనూ ముందే ఊహించుకుంటుంది. ఫ్యాక్టరీకీ భవనానికీ మధ్య, అడవి బాటలో సంచీ తగిలించుకుని నడిచే మనిషి వీటిలో దేనికీ అందదు.

తలచుకుంటే రాజ్యానికి చేతకాదని కాదు. క్షయకు నెత్తుటిలో యాంటీబాడీలు వెతికే కిట్లు తప్పుడు ఫలితాలిస్తున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో హెచ్చరిస్తే, మరుసటి ఏడాదే కేంద్రం వాటి తయారీనీ అమ్మకాన్నీ నిషేధించింది. ప్రైవేటు వ్యాపారం మీద ఆ కొరడా బాగానే పడింది. తన కార్యక్రమం మీద తానే కొరడా ఎత్తవలసి వచ్చినప్పుడే చేయి బరువెక్కుతుంది.

సంచీ మోసే ఆ మనిషి ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్. ఆశా కార్యకర్తలకు ముందే, 2002లో, మొదలైన పథకం అది. దాని రూపకల్పనలో సలహాదారుగా పాలుపంచుకున్న వైద్యుడు బినాయక్ సేన్‌ను అదే రాష్ట్రం 2007 మే 14న ప్రత్యేక ప్రజా భద్రతా చట్టం కింద కూడా అభియోగాలు మోపి అరెస్టు చేసింది. 2010 డిసెంబరులో రాజద్రోహ నేరానికి యావజ్జీవం పడింది. 2011 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బెయిలిచ్చింది. బస్తర్‌లో వైద్యపు సంచీని పరిశీలించడానికి ఔషధ నియంత్రణాధికారికన్నా పోలీసులే ముందు వస్తారన్న సంగతి ఆ కేసుతో అందరికీ అర్థమైంది.

2013లో ఛత్తీస్‌గఢ్ నమూనాల మీద జరిగిన ఒక పరిశోధన మరో చిక్కును బయటపెట్టింది. ఫాల్సిపేరం పరాన్నజీవిని పట్టడానికి కిట్టు వెతికేది హెచ్‌ఆర్‌పీ2 అనే మాంసకృత్తును. దాన్ని తయారుచేసే జన్యువే కొన్ని పరాన్నజీవుల్లో లేదు. కిట్టు నాణ్యమైనదైనా, చేయి తిరిగినదైనా, అలాంటి రోగికి గీత పడకపోవచ్చు.

2020 జనవరిలో ‘మలేరియా ముక్త్ బస్తర్’ అభియాన్ మొదలైంది. జ్వరం ఉన్నా లేకున్నా ఇంటింటా ప్రతివారి వేలూ గుచ్చారు. మొదటి విడతలోనే దాదాపు 14 లక్షల మందిని పరీక్షిస్తే 64 వేలకు పైగా పాజిటివ్ వచ్చాయి. వారిలో సగం కన్నా ఎక్కువమందికి ఏ లక్షణమూ లేదు. ఇలా వెతకకపోతే వారంతా పరాన్నజీవిని మోస్తూనే ఉండేవారు. ప్రశంసలు ఆ సంఖ్యకు దక్కాయి, దక్కవలసినవే. మిగిలిన 13 లక్షల పైచిలుకు మందికి గీత పడలేదు. నీకు జ్వరం లేదు పొమ్మన్న ఆ పట్టీలను మరొకరు తిరిగి చూసి తప్పు పట్టే వీలు ఎవరికీ లేదు.